దొరకనన్నాళ్లూ దొరే: జైలు భయం ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

2019 ఏప్రిల్ 25న యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలం హాజీపూర్‌లో తొమ్మిదో తరగతి బాలిక బడి నుంచి ఇల్లు చేరలేదు. ఊరు ఊరంతా వెతికితే పాడుబడ్డ వ్యవసాయ బావిలో శవం దొరికింది. పోలీసులు కూపీ లాగేకొద్దీ మరో ఇద్దరి సంగతి బయటపడింది. ఒకరు నెల ముందు కనిపించకుండా పోయిన డిగ్రీ విద్యార్థిని. ఇంకొకరు 2015లో మాయమైన పదకొండేళ్ల పాప. పిల్లల మీద లైంగిక నేరాలను విచారించే నల్లగొండ పోక్సో కోర్టు 2020 ఫిబ్రవరి 6న దోషికి ఉరిశిక్ష వేసింది. పది నెలలు కూడా తిరగకుండానే తీర్పు వచ్చింది. మన కోర్టుల నడక తెలిసినవాళ్లకు ఆ వేగం ఎంత అరుదో వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఈ కేసులో తీర్పు కంటే ముందు చూడాల్సింది ఆ నాలుగేళ్లు. 2015లో కూడా హత్యకు ఉరిశిక్ష చట్టంలో ఉంది. పోక్సో చట్టం వచ్చి అప్పటికి మూడేళ్లు. పుస్తకంలో శిక్షకు ఏ లోటూ లేదు. పాప ఏమైందో మాత్రం తేలలేదు. చేసినవాడు అదే ఊళ్లో, అందరి మధ్యే తిరిగాడు. బస్సు సరిగా రాని ఊరు అది. పిల్లలు దిగిన చోటి నుంచి నడవాలి, లేదంటే దారిన పోయే బండి ఎక్కాలి. హంతకుడు లిఫ్ట్ ఇస్తానంటూ బండి మీదే వచ్చాడు. ఆ దారిలో పూటకో బస్సు తిరిగుంటే ఉరికొయ్య చేయలేని పని అది చేసి ఉండేదేమో.

జైలు చేస్తుందనుకునే పనులు మూడు. బయట ఉన్నవాళ్లను భయపెట్టడం, లోపల ఉన్నవాణ్ని కట్టిపడేయడం, వీలైతే వాణ్ని మార్చడం. టీవీ చర్చల్లో ఈ మూడూ కలగాపులగం అవుతాయి. "వాణ్ని జీవితాంతం లోపలెయ్యాలె" అన్నవాళ్లు కోరేది రెండోది. "అప్పుడే ఇంకోడికి బుద్ధొస్తది" అని వెంటనే కలిపేది మొదటిది. వాడు లోపలున్నంత కాలం వాడి చేతుల్లో ఇంకో పిల్ల బలి కాదు. ఇది ఖాయంగా చెప్పొచ్చు. వాణ్ని చూసి ఇంకో ఊళ్లో ఇంకొకడు వెనక్కి తగ్గాడా అంటే, అది జరగని నేరాలను లెక్కపెట్టడం. నేరశాస్త్రం రెండున్నర శతాబ్దాలుగా కుస్తీ పడుతున్నది ఆ లెక్కతోనే.

ఇటలీకి చెందిన బెకారియా 1764లోనే ఒక మాట తేల్చాడు. శిక్ష ఎంత కఠినమన్నది కాదు, ఎంత ఖాయం, ఎంత త్వరగా అన్నదే నేరాన్ని ఆపుతుందని. అంతకు చాలా ముందే కౌటిల్యుడి అర్థశాస్త్రం, మరీ కఠినంగా దండించే రాజంటే జనం బెదిరిపోతారని, మరీ మెత్తగా దండించేవాణ్ని లెక్కచేయరని, తగినంత దండించేవాణ్నే గౌరవిస్తారని చెప్పింది. మనకు మాత్రం "దండం దశగుణం భవేత్" ఒక్కటే నోటికి వచ్చింది. పల్లె సామెత ఇంకా సూటిగా ఉంటుంది: దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. ఇప్పటి పరిశోధన సారాంశం కూడా దాదాపు ఇదే. అమెరికాలో డేనియల్ నాగిన్ లాంటివాళ్లు దశాబ్దాల అధ్యయనాలను వడబోసి తేల్చింది, పట్టుబడే అవకాశం పెరిగితే నేరం తగ్గుతుందని, ఇప్పటికే పొడుగ్గా ఉన్న శిక్షను ఇంకా పొడిగిస్తే దక్కేది స్వల్పమని.

దీన్ని పొలం గట్టున నిలబడి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. నల్లగొండ, నాగర్‌కర్నూల్ పల్లెల్లో రైతును అడిగితే మొదట చెప్పే దొంగతనం బంగారానిది కాదు. బోరు మోటారు వైరు, స్టార్టర్ డబ్బా, ట్రాన్స్‌ఫార్మర్‌లోని రాగి. రాత్రిపూట ట్రాన్స్‌ఫార్మర్‌ను దింపుతారు, ఆయిల్ పారబోస్తారు, డబ్బా పగలగొట్టి రాగి చుట్టలు గుంజుకుని పోతారు. తెల్లారి రైతు వచ్చేసరికి గట్టు మీద నూనె మరక, ఖాళీ డొల్ల. దొంగకు మిగిలేది కిలోల లెక్కన అమ్ముకునే పాత రాగి. రైతుకు పోయేది నాట్లేసిన మడి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేదాకా నీళ్లుండవు, నాలుగు రోజుల ఎండకు మడి నెర్రెలిస్తుంది.

దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు. పాత ఐపీసీలోనూ అంతే, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అంతే. ఆ మూడేళ్లు దొంగ దాకా చేరాలంటే ఎన్ని గడపలు దాటాలో చూద్దాం. రైతు ఠాణాకు పోవాలి. అక్కడ కేసు కట్టాలి, "దరఖాస్తు ఇచ్చిపో, చూస్తం" అనేసి పంపకూడదు. దొంగ దొరకాలి. చార్జిషీటు పడాలి. సాక్షి పేషీలకు తిరిగి తిరిగి విసిగిపోకుండా చివరిదాకా నిలబడాలి. లెక్క కోసం ఒక్కో గడప దగ్గర సగం కేసులే దాటుతాయని అనుకుందాం. వంద దొంగతనాల్లో మొదటి గడప దాటేవి యాభై, రెండోది దాటేవి ఇరవై అయిదు, తర్వాత పన్నెండు, ఆరు, చివరికి మూడు. ఇప్పుడు మూడేళ్ల శిక్షను ఆరేళ్లు చేస్తే మారేది ఆ ముగ్గురి జాతకం. మిగతా తొంభై ఏడుగురికి అసెంబ్లీలో చట్టం మారిన సంగతే తెలియదు.

ఆ రాగి ఎక్కడికి పోతుంది? దొంగ దాన్ని తినడు. ఊరి బయటి పాత సామాన్ల కొట్టుకే పోవాలి. కాలిన వాసన కొట్టే రాగి తీగ, ముక్కలు ముక్కలుగా కోసిన వైరు. కొనేవాడికి అదెక్కడి సరుకో ఎరుకే. దొంగసొత్తని తెలిసీ కొనడం కూడా నేరమే. ఒక మండలంలో దొంగలు ఎందరో చెప్పడం కష్టం, స్క్రాప్ దుకాణాలు ఎన్నో చెప్పడం సులువు. ఠాణా వారానికోసారి ఆ దుకాణాల్లో కాలుపెట్టి రిజిస్టర్ తిరగేస్తే, దొంగకు సరుకు తోలుకోవడమే కష్టమవుతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. పేపర్లో పెద్ద వార్తా కాదు. బహుశా అందుకే చేయరు.

భయం పనిచేసే చోట ఎలా పనిచేస్తుందో చూడాలంటే 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా ఒకసారి పోతే చాలు. స్పీడ్ గన్ పెట్టుకుని పోలీసు బండి చెట్టు నీడన ఆగి ఉంటుంది. ఎదురుగా వచ్చే లారీ డ్రైవర్ లైట్లు కొట్టి సైగ చేస్తాడు. నూటిరవై మీద పోతున్న కార్లన్నీ ఒక్కసారి బుద్ధిమంతులవుతాయి. రెండు కిలోమీటర్లు దాటాక మళ్లీ మామూలే. ఆ రెండు కిలోమీటర్ల మేరా భయం అసలైనదే. చలానా వెయ్యి రూపాయలా, రెండు వేలా అని ఎవరూ లెక్కలు వేసుకోరు. ఫొటో పడుతుందా లేదా, అదొక్కటే.

తాగి బండి నడిపేవాళ్లదీ ఇదే వరస. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి మొదటిసారి దొరికితే పది వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అన్నారు. చట్టం దేశమంతటికీ ఒక్కటే. శ్వాస పరీక్ష మిషన్ రోజూ రోడ్డెక్కే ఊళ్లో తాగినవాడు ఆటో మాట్లాడుకుంటాడు, లేదా తాగని బామ్మర్దిని తోలుకొస్తాడు. మిషన్ డిసెంబరు 31న మాత్రమే కనిపించే ఊళ్లో ఆ ఒక్క రాత్రి జాగ్రత్తపడతాడు.

జైలంటే ఎవరికీ భయమే లేదని దీని అర్థం కాదు. జైళ్లు దండగ అనేవాళ్లు కొన్ని సంగతులను పక్కన పెట్టేస్తారు. 1969 అక్టోబరు 7న కెనడాలోని మాంట్రియల్ నగరంలో పోలీసులు సమ్మె కట్టారు. శిక్షలు అవే, జైళ్లు అవే. రాత్రి పొద్దుపోయేలోగా బ్యాంకు దోపిడీలు, దుకాణాల లూటీలు, సైన్యాన్ని పిలిచేదాకా వెళ్లింది. ఇటలీ 2006లో వేల మంది ఖైదీలను మూడేళ్ల దాకా శిక్ష తగ్గించి ఇళ్లకు పంపింది. షరతు ఒక్కటే, మళ్లీ నేరం చేస్తే మాఫీ అయిన కాలం కూడా కొత్త శిక్షకు కలుస్తుంది. తర్వాత పరిశీలిస్తే, నెత్తిమీద ఎక్కువ నెలలు వేలాడుతున్నవాళ్లు తక్కువ నెలలు ఉన్నవాళ్ల కంటే తక్కువగా మళ్లీ నేరాల్లోకి దిగారు. అంటే శిక్ష పొడుగుకూ కొంత బరువుంది. కాకపోతే వాళ్లంతా ఒకసారి పట్టుబడి లోపలి రుచి చూసినవాళ్లు, మళ్లీ చేస్తే ఎన్ని నెలలో నెలతో సహా తెలిసినవాళ్లు. బైకు మీద వెనక కూర్చుని పుస్తెలతాడు మీద చేయి వేసే ఇరవయ్యేళ్ల పిల్లగాడికి అంత లెక్క తెలియదు. కొత్త న్యాయ సంహిత స్నాచింగ్‌కు 304వ సెక్షన్‌ను ప్రత్యేకంగా పెట్టిందని కూడా వాడికి తెలియదు. బండి నంబరు ప్లేటు వంచి ఉందా, సందు చివర దారి ఉందా, అంతవరకే వాడి ముందుచూపు.

హత్యల దగ్గరకు వస్తే ఈ లెక్క ఇంకా గందరగోళం. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022లో దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. కారణాల్లో అన్నిటికంటే పైన ఉన్నవి తగాదాలు, 9,962 కేసులు. లాభం కోసం చేసినవి 1,884. లాభనష్టాలు బేరీజు వేసుకునే మనిషిని శిక్షతో భయపెట్టవచ్చు. గెట్టు పంచాయితీలో పార ఎత్తినవాడు ఏం బేరీజు వేస్తాడు? పాలమూరు వైపు ఇలాంటి కేసులు ఎలా సాగుతాయో ఆ ప్రాంతపు పాత్రికేయులకు కంఠతా వచ్చు. అన్నదమ్ములు, మూరెడు గట్టు, రెండు మూడేళ్ల నుంచి నలుగుతున్న సర్వే దరఖాస్తు, ఒకరోజు నీళ్లు మళ్లించే దగ్గర మాటా మాటా. కొట్టినవాడు పారిపోడు. రక్తపు బట్టలతోనే ఠాణాకు నడిచిపోయి కూర్చుంటాడు. జైలు భయం వాడికి లేక కాదు, ఆ క్షణానికి అది గుర్తే లేదు. ఇలాంటి చావును ఆపగలిగేది సర్వేయర్ గొలుసు. రిజిస్ట్రేషన్‌కు సర్వే మ్యాప్ జతచేయాలనే భూభారతి చట్టాన్ని నేర నివారణ చట్టమని ఎవరూ అనరు గానీ, సరిగా అమలైతే ఈ జిల్లాల్లో చాలా సెక్షన్ల కంటే అదే ఎక్కువ ప్రాణాలు కాపాడొచ్చు.

బేరీజు వేసుకుని చేసిన హత్యా ఈ నేల మీదే ఉంది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటకు వస్తున్న దళిత యువకుణ్ని పట్టపగలు నరికి చంపారు. కులం కాదని పెళ్లి చేసుకున్నందుకు అమ్మాయి తండ్రి కోటి రూపాయల సుపారీ మాట్లాడాడని పోలీసులు తేల్చారు. ఇక్కడ ఆవేశం లేదు. నెలల తరబడి పథకం, మధ్యవర్తులు, బిహార్ నుంచి వచ్చిన కిరాయి మనిషి. శిక్ష సంగతి తెలియని మనుషులూ కాదు, డబ్బులేని మనుషులూ కాదు. తెలిసీ దిగారంటే రెండే దారులు. పట్టుబడమన్న ధీమా అయినా ఉండాలి, పట్టుబడినా పరువు కోసం ఫరవాలేదన్న మొండితనమైనా ఉండాలి. మొదటిదాన్ని సీసీ కెమెరా దెబ్బతీసింది, హత్య దృశ్యం రాష్ట్రమంతా చూసింది. రెండోదాన్ని ఏ శిక్షా తాకలేదు. నల్లగొండ కోర్టు తీర్పు 2025 మార్చి 10న వచ్చింది. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. ప్రధాన నిందితుడు దానికి ఐదేళ్ల ముందే, 2020 మార్చిలో, ప్రాణం తీసుకున్నాడు. హత్యకు, తీర్పుకు మధ్య ఆరున్నరేళ్లు. ఆ తీర్పు ఇంకో నెలన్నరలో వస్తుందనగా, 2025 జనవరి చివర్లో, సూర్యాపేటలో మరో దళిత యువకుడు కులాంతర వివాహం చేసుకున్నందుకే హతమయ్యాడు.

ఉరిశిక్ష చట్టంలో ఉన్నా ఆగలేదు కదా అని కొందరు, ఉరి ఆలస్యమైంది కాబట్టే ఆగలేదని కొందరు. ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదు. 2015లో జస్టిస్ ఏ.పి.షా నేతృత్వంలోని లా కమిషన్ తన 262వ నివేదికలో చెప్పింది మాత్రం స్పష్టం. యావజ్జీవం కంటే మరణశిక్ష ఎక్కువగా నేరాలను ఆపుతుందనడానికి ఆధారం లేదు. మిర్యాలగూడ విషయంలో ఇంకో మాట కలపాలి. చుట్టూ ఉన్న సమాజంలో కొందరు హత్యను తప్పనుకోని చోట, పైగా ఆ తండ్రికి మద్దతుగా కూడినవాళ్లు కూడా ఉన్న చోట, కోర్టు ఒంటరిగా భయపెట్టాలి. సగం భయం ఎప్పుడూ ఇరుగుపొరుగు నుంచి రావాలి.

ఈ మాటకు చరిత్రలో తిరగేసిన సాక్ష్యం కూడా నల్లగొండదే. సాయుధ పోరాట కాలంలో, 1940ల చివర్లో, ఈ జిల్లా నుంచి జైలుకు పోయినవాళ్లకు లెక్కలేదు. ఎవరూ తలదించుకోలేదు. 1952 ఎన్నికల్లో ఇక్కడి నుంచే కమ్యూనిస్టుల వేదిక పీడీఎఫ్ అభ్యర్థి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్లారు. జైలుకు పోయి రావడం బయోడేటాలో రాసుకునే అర్హత అయింది, తర్వాత పింఛన్ కూడా వచ్చింది. జైలును "శ్రీకృష్ణ జన్మస్థానం" అని పిలుచుకుని నవ్వుకునే భాష మనది. నాయకుడు జైలు నుంచి బెయిల్ మీద వస్తే పూలదండలతో, కార్ల ర్యాలీతో ఎదుర్కోలు ఇప్పటికీ చూస్తున్నాం. అదే జైలు నుంచి మోటారు దొంగ తిరిగొస్తే ఊళ్లో ఇల్లు కిరాయికి దొరకదు. గోడలు అవే, చిప్పకూడు అదే. భయపెట్టే శక్తి మాత్రం మనిషిని బట్టి మారిపోతోంది.

మన జైళ్లలో ఉన్నది ఎవరు అన్న ప్రశ్న దగ్గర ఈ చర్చ అసలైన మలుపు తీసుకుంటుంది. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి 75.8. అంటే నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు. వందమందికి కట్టిన చోట నూటా ముప్పై ఒక్క మంది.

నల్లగొండ జిల్లా కోర్టు ఆవరణలో ఏ పనిరోజు పొద్దున చూసినా ఈ అంకెలకు ముఖాలు కనిపిస్తాయి. ఎస్కార్ట్ వ్యాన్ ఆగుతుంది. చేతులకు బేడీలతోనో, కానిస్టేబుల్ వేళ్లలో వేళ్లు ఇరికించుకునో నలుగురైదుగురు దిగుతారు. వేపచెట్టు కింద ఒక తల్లి ప్లాస్టిక్ కవరులో కాగితాలు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆధార్ జిరాక్సులు, ఇంటి పన్ను రసీదు, ఎవరిదో పట్టాదారు పాసుబుక్కు. బెయిల్ వచ్చి పదిహేను రోజులైంది, జమానతు ఇచ్చేవాళ్లే లేరు. ఇద్దరు కావాలి. ఒకరు చిన్నాయన, ఇంకొకరు దొరకలేదు. సొంత భూమి లేనివాళ్లకు, పుణెకో బెంగళూరుకో మేస్త్రీ వెంట వలసపోయే పాలమూరు కుటుంబాలకు, ఇంకొకరి కోసం పాసుబుక్కు కోర్టులో పెట్టే చుట్టం ఎక్కడ దొరుకుతాడు? గుంట భూమి లేనివాడు దాంతో ఇంకో నెల లోపలే. కేంద్రం 2023లో పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది, బెయిల్ కోసం నలభై వేల రూపాయల దాకా సాయం చేస్తామని. పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్, గతంలో ఏ కేసులోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే వదలాలంటోంది. కాగితం మీద రెండూ మంచివే. చెట్టు కింద నిలబడ్డ తల్లికి వాటి సంగతి చెప్పేవాడు కావాలి.

దొంగతనం కేసులో ఆరు నెలలు రిమాండులో ఉండి, నాలుగేళ్ల తర్వాత సాక్ష్యాలు లేవని విడుదలైన మనిషి నేర్చుకున్నది ఏమిటి? నేరం చేస్తే జైలని కాదు. పోలీసుల కళ్లబడితే జైలని. అనుభవించిన శిక్షకూ, చేసిన లేదా చేయని పనికీ మధ్య ముడి తెగిపోయింది. భయం పుట్టాలంటే ఆ ముడే ప్రాణం. నిప్పు ముట్టుకుంటే వెంటనే, ప్రతిసారీ, ముట్టుకున్న చేయే కాలుతుంది కాబట్టి పిల్లలు నిప్పుకు భయపడతారు. నిప్పు నాలుగేళ్ల తర్వాత పక్కవాడి చేయి కాలిస్తే ఎవరూ ఏమీ నేర్చుకోరు. మన వ్యవస్థ పుట్టించే భయం చాలావరకు నేరం మీద కాదు, ఠాణా మీద. అందుకే అసలు బాధితుడు కూడా ఠాణా మెట్లెక్కడానికి జంకుతాడు. వాడు జంకిన ప్రతిసారీ పైన చెప్పిన మొదటి గడప దగ్గర ఇంకో కేసు రాలిపోతుంది.

ఒకప్పుడు కొన్ని కులాలకు కులాలనే పుట్టుదొంగలుగా ముద్రవేసిన 1871 నాటి చట్టం ఈ ముడిని పూర్తిగా తెంచేసింది. చేసిన పనికి కాదు, పుట్టిన పుట్టుకకే హాజరు వేయించుకునేవారు. 1952లో చట్టం పోయింది, చూపు పోలేదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్లలో కుల వివక్ష మీద ఇచ్చిన తీర్పులో, ఆ చట్టం ముద్ర నుంచి బయటపడ్డ విముక్త జాతులను అలవాటు నేరస్తులుగా రాసే నిబంధనలను కొట్టేయాల్సి వచ్చింది.

త్వరగా, ఖాయంగా శిక్ష పడాలన్న తొందరలో మన రాష్ట్రం అడ్డదారులూ తొక్కింది. 1986 నాటి పీడీ చట్టం కింద విచారణ లేకుండా ఏడాది దాకా లోపల పెట్టొచ్చు. గుడుంబా కాసేవాళ్ల నుంచి గొలుసు దొంగల దాకా దాన్ని ధారాళంగా వాడారు. 2022లో, 2023లో, మళ్లీ 2024 మార్చిలో తెలంగాణ నుంచి వెళ్లిన ఇలాంటి ఉత్తర్వులను సుప్రీంకోర్టు కొట్టేసి గట్టిగానే మందలించింది. మామూలు చట్టంతో తేలే దొంగతనానికి అసాధారణ చట్టం దేనికని. అడ్డదారిలో చివరి మజిలీ ఎన్‌కౌంటర్. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపితే పూలు చల్లినవాళ్లున్నారు. ఆ నలుగురూ నారాయణపేట జిల్లా మక్తల్ మండలం పల్లెలవాళ్లు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఆ కాల్పుల కథ కల్పితమని, పదిమంది పోలీసులను విచారించాలని చెప్పింది. దొరికినవాణ్ని చంపడం వేరు, చేసినవాణ్ని పట్టుకోవడం వేరు. మొదటిది ఎంత వేగంగా జరిగితే రెండోదాని మీద శ్రద్ధ అంత తగ్గుతుంది.

కోల్పోవడానికి చాలా ఉన్నవాళ్ల సంగతీ చూడాలి, సిద్ధాంతం ప్రకారం జైలంటే అందరికంటే వణకాల్సింది వాళ్లే. లంచానికి 2018 సవరణ తర్వాత కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు. తహసీల్ ఆఫీసులో, రిజిస్ట్రార్ ఆఫీసులో కూర్చున్నవాళ్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. జీతం, పింఛన్, పిల్లల పెళ్లి సంబంధాలు, అన్నీ పణంగా ఉంటాయి. అయినా చేతులు చాస్తూనే ఉంటారు. ఏసీబీవాళ్లు పొడి పూసిన నోట్లతో ఒకరిని పట్టుకుని, కడిగిన వేళ్లు గులాబీ రంగుకు తిరిగిన ఫొటో పేపర్లో వచ్చిన వారం, చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఫైళ్లు వాటంతటవే కదులుతాయి. తర్వాత నెమ్మదిగా లంచం చేతిలోంచి బయటి డాక్యుమెంట్ రైటర్ సొరుగులోకి మారుతుంది. దాడుల ప్రభావం మొదట్లో గట్టిగా ఉండి క్రమంగా కరిగిపోతుందని విదేశీ అధ్యయనాలు చెప్పేదీ ఇదే. ఎప్పుడొస్తారో తెలియకపోవడంలోనే పట్టుంటుంది.

జైలుకు పోయొచ్చినవాడు మళ్లీ పోకుండా ఉంటాడా అన్నది ఇంకో సంగతి. అమెరికాలో 2005లో 30 రాష్ట్రాల నుంచి విడుదలైనవాళ్లను వెంటాడి చూస్తే మూడేళ్లలో నూటికి 68 మంది, తొమ్మిదేళ్లలో 83 మంది మళ్లీ అరెస్టయ్యారు. జైలు భయం లోపలికి పోయొచ్చినవాడిలో పెరగాలి కదా. జరిగేది తరచూ వేరు. బయట ఉన్నంతకాలం ఊహలో ఉన్న జైలు పెద్దది. లోపల పదిరోజులు గడిచాక అదీ ఒక బ్యారకే, అక్కడా బియ్యమే, అక్కడా పలకరించే ఊరివాడు ఒకడుంటాడు. సెల్‌ఫోన్ దొంగకు బండ్ల దొంగ పరిచయమవుతాడు. పరువు భయం కూడా ఒక్కసారే పనిచేస్తుంది. పోయిన పరువు రెండోసారి పోదు.

తెలంగాణ జైళ్ల శాఖ కొన్ని పనులు చేసింది. చదువురాని ఖైదీకి అక్షరాలు నేర్పే విద్యాదానం, ఖైదీలతో నడిచే పెట్రోలు బంకులు, మళ్లీ నేరంలోకి దిగకుండా మనసు కుదుటపరిచే ఉన్నతి శిక్షణ. బంకులో యూనిఫాం వేసుకుని రోజూ వందమందికి పెట్రోలు పోసి చిల్లర లెక్క అప్పగించేవాడికి, బయటకు వచ్చాక చూపించుకోవడానికి ఒక పని వచ్చు. శిక్ష పడినవాళ్లకే ఇది ఎక్కువగా అందుతుంది. ఇవాళ వచ్చి ఎప్పుడు పోతాడో తెలియని రిమాండ్ ఖైదీకి ఏ శిక్షణా మొదలు కాదు. జైళ్లలో ఎక్కువమంది వాళ్లే. కొత్త న్యాయ సంహిత ఐదు వేల రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి సొత్తు తిరిగిస్తే సమాజ సేవ శిక్ష వేయాలంది. ఊళ్లోవాళ్ల కళ్లముందు ఆసుపత్రి ఆవరణ ఊడ్చే వారం రోజులు, ఎవరికీ కనిపించని ఆరు నెలల రిమాండు కంటే గట్టిగా గుర్తుంటాయి. కోర్టులు దాన్ని ఇంకా విరివిగా వాడాలి.

పట్టుబడే భయం పెంచడానికి తెలంగాణ పోలీసులు మొదలుపెట్టినవాటిలో అన్నిటికంటే ఊళ్లలోకి పోయింది "నేను సైతం". గ్రామస్తులు చందాలు వేసుకుని సీసీ కెమెరాలు పెట్టించుకోవడం. అలా పెట్టించుకున్న ఒక ఊళ్లో ప్రారంభం రోజు ఎస్సై వచ్చి కొబ్బరికాయ కొట్టాడు, ఫొటో దిగారు. బొడ్రాయి దగ్గర ఒకటి, బడి గేటు దగ్గర ఒకటి, ఊరి రెండు కొసలకూ రెండు. కొన్నాళ్లకు కోతులు ఒకదాని వైరు తెంపాయి, ఇంకొకటి పిడుగుకు పోయింది, బాగుచేసే ఖర్చు ఎవరిదన్న దగ్గర పంచాయతీ ఆగింది. ఇప్పుడు ఆ నాలుగింట్లో ఏది పనిచేస్తోందో సర్పంచ్‌కు తెలుసు. రాగి ఎత్తుకుపోయేవాడికీ తెలుసు.